మబ్బు వెనక మబ్బు

"మామా, నువ్వు పేపర్లో అన్నేండ్లు వానల గురించి రాసినావు గదా, ఇదేమంటాండాదో చూడు" అంటూ మా మార్తక్క కోడలు రూతు తన ఫోన్ నా చేతికిచ్చింది. మొన్న కోతల పండుగకని ఊరికి పోయినప్పటి మాట ఇది. శనివారం సాయంత్రం. ఆలూరుకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఊళ్ళో, అక్కావాళ్ళ వాకిట్లో మంచం వేసుకుని కూర్చున్నాను. ఫోన్‌లో ఉన్నది వాతావరణ శాఖ రాడార్ బొమ్మ. పటం మీద గుండ్రటి గీతలు, జిల్లాల సరిహద్దులు, తూర్పున నంద్యాల అవతల ఎక్కడో రంగు చిలకరించినట్టు కొన్ని పచ్చటి మచ్చలు. రూతు దాన్ని రెండు వేళ్ళతో సాగదీసి మా ఊరు ఉండవలసిన చోటు చూపించింది. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే ఆమెకు కావలసింది. ఎందుకంటే ఆమె బుడ్డలన్నీ ఆ సాయంత్రానికి చేలో నేల మీద ఉన్నాయి.

వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. చెట్టు పీకి, కాయలు పైకి వచ్చేలా బోర్లించి, చేలోనే బాగా ఎండనివ్వాలి. అవి ఎండేదాకా పంట మీద రైతుకు ఏ అధికారమూ ఉండదు. గట్టి వాన ఒక్కటి పడితే చాలు, కాయ నల్లబడుతుంది, పొట్టులోనే గింజ మొలకెత్తుతుంది, పశువులకు మేతయ్యే చెట్టుకట్టె బూజు పడుతుంది. పెట్టుబడి కూడా తిరిగిరాని ఏళ్ళు కొన్ని గడిచాక ఈసారి రూతు చేలో చెట్టు నిండా కాయ పట్టింది. ఆమె మొగుడు, అంటే మా మేనల్లుడు, డోన్ నుంచి లారీ తోలుతాడు. నెలలో ఎక్కువ రోజులు రోడ్ల మీదే ఉంటాడు. సేద్యం ఆమెదే. కాయ కొట్టే మిషన్ మంగళవారానికి గాని దొరకదన్నారు. అందాకా ఆకాశం ఓపిక పట్టాలి.

"ఇది రేపటి సంగతి చెప్పదమ్మా" అన్నాను. "ఇప్పుడు యాడ కురుస్తాండాదో చెప్తాది. బొమ్మలు వరసగా చూసుకుంటా పోతే అది యా దిక్కుకు నడుస్తాండాదో తెలుస్తాది. అంతే."

"అంటే మన పెదనాయన మాదిరే" అంది మార్తక్క, అరుగు మీద నుంచి. ఆమె కొత్త బుడ్డలు ఒలుస్తోంది. "ఆయనా అంతే గదబ్బీ. రేపు వానొస్తాదా అని అడిగితే తిట్టేటోడు. ఇప్పుడు కనబడే మబ్బు గురించి అడగమనేటోడు."

"ఆయన చెప్తే తప్పేది కాదంట గదత్తా" అంది రూతు.

"ఆ పొద్దు కూడా తప్పలేదు" అంది అక్క. అని, బుడ్డల చేట పక్కకు పెట్టి, పొయ్యి దగ్గరికి లేచి వెళ్ళింది.

ఆ పొద్దు ఏం జరిగిందో నాకూ ఆమెకూ తప్ప ఆ ఇంట్లో ఇప్పుడు ఇంకెవరికీ తెలియదు. అప్పట్లో మాది మట్టిమిద్దె. పైన చౌడుమన్ను పరిచి చదును చేసేవాళ్ళు. నడింట్లోకి వెలుతురు రావడానికి కప్పులో ఒక గవాచి ఉండేది. మధ్యాహ్నం పూట దానిలోంచి ఎండ గుంజలాగా దిగి, అమ్మ జొన్నపిండి జల్లించే చోట పడేది. వాన వచ్చేముందు ఎవరో ఒకరు మిద్దెక్కి గవాచి మీదికి నాపరాయి జరపాలి. ఆ పని మా పెదనాయనది. నాయనకంటే బాగా పెద్దవాడు, పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. ముందుగా జరిపితే ఇల్లు చీకటవుతుంది, అమ్మ గొణుగుతుంది. ఆలస్యంగా జరిపితే పిండి తడుస్తుంది, అప్పుడూ అమ్మే గొణుగుతుంది. ఈ రెండు గొణుగుళ్ళ మధ్యన ఆయన మబ్బును చదవడం నేర్చుకున్నాడు. ఆయన రాయి జరిపిన గరగర చప్పుడు వింటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు మిద్దెల మీద ఎండబోసిన మిరపకాయలు ఎత్తుకునేవాళ్ళు. ఆకాశం వైపు చూసేవాళ్ళు కాదు. పక్కవీధి రెడ్లు కూడా ఎదురైతే ఎగతాళిగా "ఏమప్పా, మీ అన్న ఈ పొద్దు రాయి జరిపినాడా?" అని నాయననే అడిగేవాళ్ళు. అడగడం ఎగతాళికే గాని, జవాబు మాత్రం శ్రద్ధగా వినేవాళ్ళు.

నాయన మా ఊరి క్రైస్తవుల సంఘపెద్ద. చిన్న రైతు. గుడి తాళంచెవి మా ఇంట్లో మేకుకు వేలాడేది. ఆదివారం పని చేయకూడదన్నది ఆయనకు చాలా పెద్ద మాట. శనివారం సాయంత్రానికే గడ్డం గీసుకునేవాడు, చెప్పులకు నూనె పూసేవాడు, ఎద్దులకు రెండు పూటల మేత కోసి పెట్టేవాడు. అమ్మ ఆ రాత్రికే రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టేది. అందుకని మా ఇంట్లో ఆదివారానికి ఒక వాసన ఉండేది: చల్లారిన జొన్నరొట్టె, చెప్పులనూనె, ఇస్త్రీ పెట్టెలో బొగ్గులు. ఇప్పటికీ ఎక్కడన్నా ఆ మూడూ కలిసి ముక్కుకు తగిలితే నాకు చేతులు కట్టుకుని కూర్చోవాలనిపిస్తుంది. అమ్మకు మబ్బుల గురించి తెలియదు, తెలుసునని ఎన్నడూ అనలేదు. ఉప్పుచట్టిలో చెయ్యి పెట్టి చూసేది. ఉప్పు వేళ్ళకు అంటుకుంటే మాటలు తగ్గించి పనులు త్వరగా ముగించుకునేది.

ఆ ఏడు బుడ్డలు బాగా కాశాయి. మార్తక్కకు కర్నూలు అవతల ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువుకు సీటొచ్చింది. పంట అమ్మగానే ఆమెను తీసుకుపోయి చేర్పించాలని ఇంట్లో అందరికీ తెలిసిన విషయమే. ఆమె రేకుపెట్టె తుడిచి, అడుగున పాత పత్రికల కాగితం పరిచి, గోడ పక్కన సిద్ధంగా పెట్టుకుంది. తెల్లచీర కట్టుకోవడం అలవాటు కావాలని అమ్మ పాత తెల్లచీర కట్టుకుని చేలో బుడ్డలు పీకింది. ఎర్రమన్నుతో చీరంతా ఎర్రబడితే నేను నవ్వాను. అప్పుడు ఆదోనిలో కాలేజీలో చదువుతూ సెలవులకు వచ్చినవాణ్ణి, నవ్వడానికి నాకు పెద్ద కారణాలు అక్కరలేదు. "నవ్వురా, నీకు సూది వేసే రోజు రాకపోదు, అప్పుడు చూస్తా" అంది అక్క.

ఇక్కడ మా వాళ్ళు చేసే పని ఒకటి చెప్పాలి. కోతల పండుగ నాడు కొత్త కాయ గుడిలో ప్రభువు బల్లముందు పెట్టాలి. పాత కాయ పెట్టకూడదని కాదు, ఎవరూ పెట్టరు. అందుకని ఆ ఆదివారానికి ముందు రెండు మూడు రోజుల్లో మా వాళ్ళ చేలన్నీ ఒక్కసారిగా పీకేసేవాళ్ళు. తతిమ్మా ఊరివాళ్ళు ఒకడు ముందు, ఒకడు వెనక, ఎవరి చేను పదును చూసుకుని వాళ్ళు పీకుతారు. ఒకరిది తడిసినా ఇంకొకరిది మిగులుతుంది. మావి మాత్రం పండుగ నాటికి అన్నీ కలిసి నేల మీద పడి ఉండేవి. ఇది తెలివైన పని కాదని ఎవరికీ తోచలేదు. తోచినా, పండుగ కదా.

శనివారం సాయంత్రం అమ్మ ఉప్పుచట్టిలో చెయ్యి పెట్టి, వేళ్ళు కొంగుకు తుడుచుకుని, "ఏమయ్యా, ఈ పొద్దే ఎత్తి వామి వేసుకుందామా? మళ్ళ సోమవారం పరుచుకోవచ్చు" అంది. పీకిన చెట్లను కుప్పగా పేర్చడాన్ని వామి వేయడమంటారు. నాయన గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలోంచే చూసి, "అన్నా, ఏమంటావు?" అని పెదనాయననడిగాడు. పెదనాయన మిద్దెక్కి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులూ చూసి దిగాడు. "ఏమీ ల్యాదు. నక్షత్రాలు కనబడతాయి రాత్రికి" అన్నాడు. కనబడ్డాయి.

ఆదివారం గుడి నిండిపోయింది. పట్నం నుంచి పాస్టరు అయ్యగారు వచ్చారు. గుమ్మడికాయలు, కోళ్ళు, జొన్నకంకులు, బుడ్డల సంచులు బల్లముందు కుప్ప పోశారు. నేను డోలక్ వాయించాను. ఆరాధన సగంలో తూర్పున ఉరిమింది. మగవాళ్ళు కొందరు లేచి బయటికొచ్చారు, నేనూ వచ్చాను. పత్తికొండ దిక్కున నల్లటి మబ్బు, గోడ కట్టినట్టు లేచి ఉంది. అందరూ మబ్బు వైపు కాకుండా పెదనాయన వైపు చూశారు. ఆయన గుడి మెట్ల మీద నిలబడి చాలాసేపు చూశాడు. కింద దుమ్ము ఎటు లేస్తుందో చూశాడు, కొంగలు ఎటు పోతున్నాయో చూశాడు. "ఇది మనది గాదు. ఆదోని దిక్కుకు పోతాది. పోయి పాటలు పాడుకోండి" అన్నాడు. అమ్మ ఆడవాళ్ళ వైపు నుంచి గడపలోకి వచ్చి, "బావా, బాగా చూడు" అంది. "చూసినా తల్లీ. నీ ఉప్పుకంటే నా కండ్లు మేలు" అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. అమ్మ కూడా కాస్త నవ్వింది.

మబ్బు ఆయన చెప్పినట్టే ఆదోని దిక్కుకు పోయింది. మా కళ్ళముందే, ఎవరో తాడు కట్టి లాగినట్టు, ఉత్తరానికి ఒరుగుతూ పోయింది. ఆరాధన అయ్యాక వేలం మొదలైంది. మా వాళ్ళకు వేలమంటే ప్రాణం. తామిచ్చిన గుమ్మడికాయనే తాము పాడుకుని, దాన్నే మళ్ళీ గుడికిచ్చి, మళ్ళీ పాడించేవాళ్ళు. నాయన ఒక కోడిపుంజు కోసం పంతం పట్టి పాడుతున్నాడు. ఆ నవ్వుల్లో, అరుపుల్లో, ముందు మబ్బు తప్పుకున్న సందులోంచి వెనక ఇంకో మబ్బు వచ్చింది. అది అంతకుముందు నుంచీ అక్కడే ఉంది. ముందుదాని వెనక ఉంది గనుక ఎవరికీ కనబడలేదు, అంతే. గాలి ఒక్కసారిగా చల్లబడేసరికి నాయన చేతిలోని పుంజును వదిలేశాడు.

అందరం పరుగెత్తాం. ఆదివారం పని చేయకూడదన్న మాట ఎవరికీ గుర్తు లేదు, నాయనకసలే లేదు. చేను చేరేసరికే చినుకులు బుడ్డలంత ఉన్నాయి. అక్క తన కొత్తచీర కొంగు నడుముకు చుట్టి చెట్లు ఎత్తి కుప్ప వేస్తోంది. ఎత్తిన కుప్ప మీద కప్పడానికి ఏమీ లేదు, ఎందుకంటే గోనెపట్టాలన్నీ గుడి ముందు జనం కూర్చోవడానికి పరిచాం. కాసేపటికి కుప్ప కూడా తడిసింది, పరిచినదీ తడిసింది, రెంటికీ తేడా లేకుండా పోయింది. ఇంటికొచ్చి చూస్తే గవాచి తెరిచే ఉంది. నడింట్లో మడుగు కట్టి, రేకుపెట్టె అందులో నిలబడి ఉంది. ఆ వారమంతా ముసురు. కాయలు మొలకలెత్తాయి. అమ్మ ఆ మొలకలు గిల్లి కూర వండింది, ఎవరం తినలేకపోయాం.

అక్క ఆ ఏడు పోలేదు. వచ్చే ఏడు చూద్దామన్నారు, వచ్చే ఏడు వానలే లేవు. ఆ తర్వాత ఊళ్ళోనే పెళ్ళయింది. ఆమె దీని గురించి ఏడ్చిందని గాని, ఎవరినన్నా నిందించిందని గాని నేనెరుగను. పెదనాయన మాత్రం మిద్దె ఎక్కడం మానేశాడు. ఆ పని నాకొచ్చింది. నేను ఒక్క నల్లమబ్బు కనబడినా రాయి జరిపేసేవాణ్ణి, కాబట్టి మా ఇల్లు ఎక్కువగా చీకట్లో ఉండేది, ఊళ్ళో నా చప్పుడుకు ఎవరూ మిరపకాయలు ఎత్తుకునేవాళ్ళు కాదు. ఆ ఏడు ముసురు తగ్గాక పత్తికొండ దగ్గరి ఊరి నుంచి మా చిన్నమ్మ వచ్చి, తడిసిన కుప్పలు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అక్కా, అది ముందు మా ఊళ్ళో పడింది. వాకిట్లో నిలబడి, ఇది మా అక్కావాళ్ళ దిక్కుకే పోతాండాది అనుకుంటిని. అనుకొని ఏం చేయాల?" అంది. నిజమే, ఏం చేయాలి? మబ్బు కంటే వేగంగా పోయే మనిషి లేడు. ఊరికొక ఫోను కూడా లేని కాలం.

పత్రికలో ఉద్యోగం దొరికిన కొత్తల్లో నాకు అప్పగించిన పనుల్లో వాతావరణం ఒకటి. రోజూ సాయంత్రం రాజధాని నుంచి వచ్చే ముక్కను పేజీలో మూల గడిలో ఇరికించాలి. "రాయలసీమలో అక్కడక్కడా తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. దిద్దడానికి అందులో ఏమీ ఉండేది కాదు, "తేలికపాటి" మీద దీర్ఘం పడకుండా చూడటం తప్ప. అది అబద్ధమూ కాదు. అక్కడక్కడా పడేది. ఆత్మకూరులో కుండపోత కురిసిన రోజున ఆలూరులో దుమ్ము లేచేది, రెండూ కలిపి ఆ వాక్యంలో సరిపోయేవి. చేలో పంట పరుచుకున్న మనిషికి కావలసింది ఆ అక్కడక్కడల్లో తన ఊరు ఉందా లేదా అన్నది. అది చెప్పగలిగినవాళ్ళు నాకు తెలిసినంతలో ఎవరూ లేరు.

అందుకే ఒకసారి తుపానుల సీజన్‌లో పని మీద కోస్తాకు పంపినప్పుడు, అడిగి మరీ రాడార్ కేంద్రానికి పోయాను. ఎత్తైన కట్టడం మీద తెల్లటి పెద్ద గుండు. దాని లోపల పళ్ళెంలాంటి యాంటెన్నా తిరుగుతూ ఉంటుంది. అక్కడి అధికారి ఓపికగలవాడు. "బావిలోకి వంగి ఎప్పుడైనా కేకేశారాండీ? తిరిగి వినబడుతుంది కదా. ఇదీ అంతే. మేము రేడియో తరంగాలతో కేకేస్తాం. వానచినుకులకు తగిలి తిరిగొస్తాయి. ఎంతసేపటికి వచ్చాయో చూస్తే దూరం తెలుస్తుంది. ఎంత గట్టిగా వచ్చాయో చూస్తే చినుకు ఎంత లావో, ఎంత దట్టమో తెలుస్తుంది" అన్నాడు. తర్వాతి రోజుల్లో వచ్చిన డాప్లర్ రాడార్లు ఇంకో సంగతి కూడా పట్టుకున్నాయి. డోన్ జంక్షన్‌లో ప్లాట్‌ఫారం మీద నిలబడితే, వచ్చే బండి కూత సన్నగా, పోయే బండి కూత బొంగురుగా వినిపిస్తుంది. తిరిగొచ్చిన తరంగంలో ఆ తేడాను కొలిచి, చినుకులు మనవైపు వస్తున్నాయో, అవతలికి పోతున్నాయో, ఎంత వేగంతోనో చెబుతాయి.

నేను ఆ రోజు ఆ అధికారిని ఒక్కటే అడిగాను. ముందొక మబ్బు, దాని వెనకే ఇంకో మబ్బు ఉంటే మీకు వెనకది కనబడుతుందా అని. "బాగా కనబడుతుందండీ. చినుకులు మా తరంగాలను పూర్తిగా అడ్డుకోవు. ముందుదాన్ని దాటి వెనకదానికీ తగులుతాయి" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు. నాకు అది చాలా పెద్ద జవాబు. తర్వాత ఆయనే, "కాకపోతే మీ సీమ మాకు దూరమండీ. భూమి గుండ్రంగా ఉంది, మా కిరణం తిన్నగా పోతుంది. అంత దూరం వెళ్ళేసరికి అది నేలకు చాలా ఎత్తులో ఉంటుంది. మీ మేఘం తల కనబడుతుంది గాని కాళ్ళు కనబడవు" అన్నాడు. ఆ మాట రాసుకున్నాను, వార్తలో పెట్టాను, డెస్క్‌లో కొట్టేశారు.

ఇంతకాలానికి ఆ బొమ్మ రూతు ఫోన్‌లోకి వచ్చింది. ఎవరూ ఆమెకు నేర్పలేదు. యూట్యూబ్‌లో వానల గురించి చెప్పే కుర్రవాళ్ళను చూసి పట్టుకుంది. పచ్చ అంటే తేలిక, పసుపు అంటే కాస్త గట్టి, ఎరుపు అంటే లేచి పరుగెత్తాల. రాడార్‌కు మేము ఇప్పటికీ దూరమే. అయినా బొమ్మ వస్తుంది, కొన్ని నిమిషాలకోసారి మారుతుంది, అరచేతిలో పడుతుంది. నేను దిద్దిన గడిలోని వాక్యం కంటే అది ఎన్నో రెట్లు మేలు.

మర్నాడు ఆదివారం. ఇప్పటి గుడి సిమెంటుది, ముందు షామియానా వేశారు. ఆరాధన ముగిసి వేలం మొదలయ్యేసరికి ఎండ చిటపటలాడుతోంది. తూర్పున ఒక మబ్బు లేచి ఉంది. అందరూ దాన్ని చూశారు, అది ఎమ్మిగనూరు దిక్కుకు ఒరుగుతోందని అందరికీ కంటికే తెలిసింది. సంఘపెద్ద దేవదానం గుమ్మడికాయ ఎత్తి పట్టుకుని పాట పెంచుతున్నాడు. రూతు ఆడవాళ్ళ వరసలో కూర్చుని కొంగుచాటున ఫోన్ చూస్తోంది. లేచి నా దగ్గరికొచ్చింది. ఫోన్ చూపించింది. ముందు మబ్బు పచ్చగా, ఉత్తరానికి జరుగుతోంది. దాని వెనక, పత్తికొండ మీద, ఇంకోటి. పసుపు, మధ్యలో ఎరుపు. రూతు వెనకటి బొమ్మలు వరసగా తిప్పింది. అది ఉత్తరానికి పోవడం లేదు. నేరుగా మా మీదికి వస్తోంది.

"అయ్యగారూ, వేలం ఆపండి" అంది రూతు. "వెనక ఇంకో మబ్బుండాది. అందరం చేలకు పోవాల."

"ఎండ చూడు తల్లీ, నెత్తి మాడిపోతాండాది" అన్నాడు దేవదానం, గుమ్మడికాయ దించకుండానే. "పోయేది మన కండ్లముందరే పోతాండాది గదా."

ఎవరో నవ్వారు. అయ్యగారు చిన్నవయసువాడు, ఎటు చెప్పాలో తెలియక బైబిలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. అప్పుడు మార్తక్క లేచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, చెప్పులు చేతిలో పట్టుకుని, చేల దారి పట్టింది. ఆమె వయసు మనిషి అట్లా పోతుంటే కూర్చున్నవాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేరు. ముందు ఆడవాళ్ళు లేచారు. అయ్యగారు షామియానా వైపు చూసి, "తాళ్ళు విప్పండప్పా, ఇది కూడా పట్టుకొని పోదాం" అన్నాడు. దేవదానం గుమ్మడికాయను చంకన పెట్టుకునే బయల్దేరాడు, ఎక్కడ దించాలో తోచక కాబోలు.

ఒకరి చేను తర్వాత ఒకరిది, అందరూ కలిసి ఎత్తారు. చెట్లను ఎత్తి వామి వేయడం, పైన పట్టలు కప్పడం, అంచుల మీద రాళ్ళు పెట్టడం. నేను రాళ్ళు మోశాను. రూతు చేలో వామికి పట్ట చాలకపోతే షామియానా గుడ్డ కప్పారు. ఎర్రమన్ను మధ్యన పెళ్ళిపందిరిలాగా రంగురంగులుగా నిలబడింది. చివరి రాయి పెట్టేసరికి వెలుతురు తగ్గింది. మబ్బు వచ్చింది. రాడార్ చెప్పిన దిక్కు నుంచే, చెప్పిన వేళకే. గాలి లేచింది, తడిమట్టి వాసన ఎక్కడి నుంచో వచ్చింది. మబ్బు కింద బూడిదరంగు తెర వేలాడుతోంది, అది వానే. కానీ ఆ తెర నేలదాకా రాలేదు. సగంలోనే, పాత గుడ్డ అంచులాగా పలచబడి, గాల్లో కలిసిపోయింది. మా మీద నాలుగు చినుకులు రాలాయి. నా చొక్కా మీద పడినవి నేను చూస్తుండగానే ఆరిపోయాయి. మబ్బు పడమరకు సాగిపోయింది, వెనకే ఎండ వచ్చింది.

తర్వాత దేవదానం గుమ్మడికాయను గట్టు మీద దించి, "ఏమ్మా రూతమ్మా, నీ ఫోన్లో పడిన వాన ఫోన్లోనే ఆరిపాయనా?" అన్నాడు. ఈసారి అందరూ నవ్వారు. పండుగ బట్టలన్నీ మట్టిగొట్టుకుపోయాయి మరి.

రూతు ముఖం కందిపోయింది. నేను చెప్పాను. రాడార్ చూసింది అబద్ధం కాదు, వాన పైన ఉంది, మనమూ కళ్ళతో చూశాం. అది దూరం నుంచి మబ్బు తలను చూస్తుంది. మన కింది గాలి పొడిగా ఉండి దారిలో చినుకును తాగేసింది. కింద ఇంకాస్త తేమ ఉండి ఉంటే ఈపాటికి అందరం తడిసేవాళ్ళం. కొందరు విన్నారు, కొందరు చెప్పులకంటిన మట్టి గీక్కున్నారు.

మార్తక్క వామికి ఆనుకుని కూర్చుని ఉంది. "ఊరికే పడిన కష్టం ఎంతసేపు గుర్తుంటాది దేవదానమూ?" అంది. "రేపు మళ్ళ పరుచుకుంటాం, మర్చిపోతాం. ఆ పొద్దు మాకు ఇట్లా ఊరికే కష్టపడమని చెప్పేవాళ్ళే ల్యాకపాయిరి."

దేవదానం వయసువాళ్ళకు ఆ పొద్దు సంగతి తెలియదు. అయినా అతను గుమ్మడికాయను మళ్ళీ చంకనెత్తుకున్నాడు. అక్క చెయ్యి చాపితే రూతు పట్టుకుని లేపింది. లేస్తూనే అక్క పడమటి దిక్కు చూసి, "అది ఈడ పడలేదు. యాడికి పోతాండాదో చూడు" అంది.

రూతు ఫోన్ తీసింది, కొత్త బొమ్మ వచ్చేదాకా ఆగింది. "హగరి ఏటి దిక్కుకత్తా. ఎరుపు ఇంకా పెద్దదయింది. మా అన్నవాళ్ళ ఊరికి నేరుగా ఉండాది."

"ఆడ గాలిలో తేమ ఉంటాది, ఏటి ఒడ్డు. వాళ్ళవి పీకినారా?"

"నిన్ననే పీకినారు."

"మరి చూస్తాండావేమి?"

రూతు అప్పటికే ఫోన్ చెవిన పెట్టుకుంది. అవతల ఆమె అన్న గొంతు మా అందరికీ వినబడింది, అంత గట్టిగా మాట్లాడే మనిషి. భోంచేసి పడుకున్నట్టున్నాడు. పండుగ ఎట్లా జరిగిందని అడిగాడు, పిల్లోళ్ళు బాగున్నారా అని అడిగాడు. మబ్బు గురించి చెబితే, "ఈడ మంచి ఎండ కాస్తాండాది గదే" అన్నాడు.

"ఎండ ఉన్నప్పుడే చెప్తాండానన్నా" అంది రూతు. "లెయ్యి, పట్టలు తీసుకోని చేనికాడికి పో."